మేకుకొక దేశం

అమ్మ కర్మలు ముగిసిన మధ్యాహ్నం, బంధువులంతా భోజనాలు చేసి ఎవరి బస్సు వాళ్ళు పట్టుకున్నాక, మా తమ్ముడి భార్య సుజాత నాకు కొత్త చీర పెట్టింది. పుట్టింట్లో చావు జరిగితే ఆడబిడ్డకి చీర పెట్టి పంపడం మా వైపు ఆనవాయితీ. పళ్ళెంలో లేత ఆకుపచ్చ నేతచీర, పక్కన రెండు అరటిపళ్ళు. చీర మూలకి పసుపు లేదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ నాకు వచ్చే కొత్త చీరలన్నీ అట్లాగే వస్తాయి. మొదట్లో తెలియకుండానే మూల వెతుక్కునేదాన్ని, తర్వాత ఆ అలవాటు కూడా పోయింది. చీర తీసుకొని సంచీలో పెట్టుకోబోతుంటే సుజాత ఆపింది. "ఉండు వదినా, అత్తమ్మ పెట్టె కూడా ఈపొద్దే తెరిచి సూద్దాం. తిరుపతికి పోతే మళ్ళా ఎప్పుడొస్తావో ఏమో" అంది.

అమ్మ పోయిందని తమ్ముడు రమణ ఫోన్ చేసినప్పుడు నేను స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. పొంగేదాకా ఆగి, స్టవ్ ఆపి, చీర మార్చుకొని శ్రీకాళహస్తి బస్సెక్కాను. దారిలో ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి అమ్మ మొహం చూసినప్పుడూ రాలేదు. చుట్టాలు "గట్టి మనిషి" అనుకున్నారు. గట్టితనమేం లేదు. పన్ను పీకడానికి డాక్టరు సూది వేశాక దవడ ఎట్లా ఉంటుందో లోపలంతా అట్లా ఉంది, అంతే. వచ్చినవాళ్ళకి మజ్జిగ అందించాను, చాపలు మడిచాను, బ్రాహ్మడికి కావాల్సినవన్నీ సమయానికి తెచ్చిపెట్టాను. ఇంత బాగా పని చేస్తున్నందుకు నా మీద నాకే కొంచెం చిరాకేసింది.

పెట్టెలో పెద్దగా ఏమీ లేవు. నాలుగు నూలు చీరలు, ఒక శాలువా, కలరా ఉండల వాసన. అడుగున పాత తువ్వాలులో చుట్టిన గుడ్డ ఒకటి. సుజాత తువ్వాలు విప్పగానే ఇంకో వాసన వచ్చింది. పులిసిన పాలు, కరక్కాయ కలిసిన వాసన. ఆ వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో. ఇద్దరం చెరొక కొస పట్టుకొని విప్పాం. దుప్పటంత గుడ్డ, పసుపు డాలు తెలుపు. దాని మీద నల్లటి గీతలతో ఒక పెద్ద చెట్టు. రంగులు ఇంకా నింపలేదు. కుడివైపు ఒక కొమ్మకి మాత్రం ఆకుల్లేవు, గీత మధ్యలో ఆగిపోయి ఉంది. కింది మూలన బొటనవేలంత పసుపు ముద్ర. "ఇదేంది వదినా?" అంది సుజాత. ఆమె ఈ ఇంటికి రాకముందటి సంగతి అది. చెప్పాలంటే మా నడవ గోడ నుంచి మొదలుపెట్టాలి.

నాయన కలంకారీ గీసేవాడు. వెదురుపుల్ల చివర ఉన్ని చుట్టి, దారం బిగించి, ఇనప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నల్లటి నీళ్ళలో ముంచి గీత గీస్తే, ఆ గీత చెయ్యి ఎత్తకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయేది. గీసేది నాయనైనా ఇంటినిండా ఉండే పని అమ్మది. తెల్లారగానే గేదెపాలు వచ్చేవి. మాకు కాఫీకి కాసిని తీసి, మిగతావన్నీ నూరిన కరక్కాయ నీళ్ళలో కలిపి గుడ్డలకి పట్టించేది. పాలు ఇంట్లోవాళ్ళకి తక్కువ, గుడ్డలకి ఎక్కువ అని నాయనమ్మ గొణిగేది. "పాలు పట్టకపోతే గీత పారిపోతాది అత్తా" అనేది అమ్మ. ఆరేసిన గుడ్డల కింద మేం వంగి నడిచేవాళ్ళం. మా పుస్తకాలకీ జడలకీ కూడా ఆ వాసనే పట్టేది. బళ్ళో నా పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు మూసుకొని "మీ ఇంట్లో పాలు విరిగినాయా?" అని రోజూ అడిగేది. రోజూ విరిగినాయనే చెప్పేదాన్ని. తర్వాత గుడ్డల్ని స్వర్ణముఖికి తీసుకుపోయి పారే నీళ్ళలో ఉతికేవాళ్ళు. అప్పట్లో ఏట్లో నీళ్ళు పారేవి.

మద్రాసు నుంచి షణ్ముగం అనే ఏజెంటు పొద్దున రైలుకి వచ్చేవాడు. సన్నటి మనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు, కాళ్ళు కడుక్కోనిదే కాఫీ ముట్టడు. మా గుడ్డలు ఏ దేశానికి పోతాయో, అక్కడివాళ్ళు ఏం కోరతారో అతను చెబితేనే మాకు తెలిసేది. జర్మనీ నుంచి కొనే కంపెనీకి మంచం కొలత ఒక్క వేలు అటూ ఇటూ కాకూడదు, వేడినీళ్ళలో ఉతికినా రంగు దిగకూడదు. జపాన్ వ్యాపారి ఇంట్లో అసలు మంచమే లేదట, పొద్దున లేచి పరుపు చుట్టి బీరువాలో పెడతారట. ఆయనకి దుప్పటెందుకు, గుమ్మానికి కట్టే పొట్టి తెరలు కావాలి. గీత సన్నగా ఉండాలి, పదో తెర కూడా మొదటి తెరలాగే ఉండాలి. దుబాయి షేటుకి మనుషులూ జంతువులూ వద్దు, తీగలూ పూలూ చాలు. నాయన మొదటిసారి ఆ షేటు కోసం తీగ గీస్తూ అలవాటుకొద్దీ నెమలికి చోటొదిలేశాడు. తర్వాత ఆ ఖాళీని నింపడానికి ఒక పూట తలపట్టుకున్నాడు.

ఇవన్నీ కలగాపులగం కాకుండా నాయన నడవ గోడకి వరసగా మేకులు కొట్టాడు. ఒక్కో దేశానికి ఒక్కో మేకు. మేకుకి ఆ దేశం ఒప్పుకున్న నమూనా గుడ్డ, దాని కొలత ముడివేసిన తాడు. ఇంట్లో ఎవరం ఏ గుడ్డ పట్టుకున్నా "ఏ మేకు?" అని అడగడం అలవాటైపోయింది. షణ్ముగం తన తమిళ యాసలో మెచ్చుకునేవాడు. "మద్రాసులో పెద్ద పెద్దోళ్ళంతా అందరికీ ఒకటే అచ్చు కొట్టి పంపుతారు అన్నా. కొంచం సులువుదా, కాదని చెప్పను. ఒక దేశం వాళ్ళకి మోజు పోయిందంటే గోడౌను నిండిపోతాది. మీ మేకులే మేలు" అనేవాడు. నాయన మద్రాసు హార్బరు దాటి ఎక్కడికీ పోలేదు. అయినా భోజనం దగ్గర ఆ దేశాల గురించి పక్కవీధి చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "జర్మనీ ఆయన ఈ తూరి నీలం తగ్గించమన్నాడు. ఏమైందో పాపం" అనేవాడు.

ఆ జర్మనీ ఆయనే ఒకసారి రాములవారి పట్టాభిషేకం దుప్పటి మీద గీసివ్వమన్నాడు. పెద్ద పని. నాయన ఒప్పుకోలేదు. "దేవుడి మీద కాళ్ళు పెట్టుకొని పండుకుంటారంట షణ్ముగం. వాళ్ళకి తప్పు కాదేమో. గీసేది నేను గదప్పా" అన్నాడు. షణ్ముగం ఎంత నచ్చజెప్పినా వినలేదు. గోడకి తగిలించుకుంటానంటే దేవుణ్ణి గీస్తాను, మంచానికైతే చెట్టు గీస్తాను అని తేల్చాడు. చివరికి ఆయన చెట్టుకే ఒప్పుకున్నాడు, ఆ చెట్టు దుప్పటే తర్వాత మా ఇంటి పేరు నిలబెట్టింది. నాయన పట్టిన పట్టు అందరూ మర్యాదగా చెప్పుకునేవాళ్ళు.

అమ్మ చేసిన పొరపాటు మాత్రం జపాన్ మేకు దగ్గర జరిగింది. ఒక పెద్ద బేలు నిండా తెరలు పంపాం. గీతలు సన్నగా, కొలతలు సరిగ్గా, నాయన తల తిరిగేట్టు చూసుకున్న పని. కొన్నాళ్ళకి బేలు బేలుగా తిరిగొచ్చింది. షణ్ముగం కాళ్ళు కడుక్కోకుండానే నడవలో కూర్చొని ఒక తెర విప్పి మూల చూపించాడు. పసుపు మరక. ఇంకోటి విప్పాడు, దానికీ అంతే. "అన్నిట్లోనూ అదే మూలలో అన్నా. ఎవరో మురికి చేత్తో మడిచినారని వాళ్ళు అనుకుంటా ఉండారు" అన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "మురికి కాదు, పసుపు. కొత్తగుడ్డ. పసుపు పెట్టకుండా గడప ఎట్లా దాటిస్తాం?" అంది. ఎప్పటినుంచో ప్రతి గుడ్డకీ పెట్టే పంపుతోందట. వేడినీళ్ళలో ఉతికి చూసేవాళ్ళ దగ్గర ఆ మరకలు ఉతుకుతో పోయాయి, మిగతావాళ్ళు పట్టించుకోలేదు. నాయనకి కోపం రావాల్సింది. అమ్మ మొహం చూసి మాట మింగేశాడు. "అడగాల్సింది గదే" అన్నాడు అంతే. పసుపు పెట్టడానికి ఎవరిని అడగాలో అమ్మకి అర్థం కాలేదు.

ఆ తిరిగొచ్చిన తెరల్ని షణ్ముగం ఫ్రాన్సులో దుకాణం నడిపే ఒకావిడకి నమూనాగా పంపాడు. మరక సంగతి దాస్తే తర్వాత ఇబ్బందని, అదేమిటో ముందే చెప్పాడు. గీసినవాళ్ళ ఇంటావిడ శుభం కోరి పెట్టింది అని. ఆవిడకి బొమ్మ కంటే ఆ మూల ఎక్కువ నచ్చింది. ప్రతి గుడ్డకీ అది ఉండి తీరాలంది. షణ్ముగం కెమెరా తెచ్చి, అమ్మ చెయ్యి గుడ్డ మీద పసుపు పెడుతుండగా ఫోటో తీశాడు. చేతినిండా గాజులు, బొటనవేలు పచ్చగా. ఆ ఫోటో అట్ట మీద అచ్చేసి, ఒక్కో గుడ్డకి ఒక్కటి కట్టి అమ్మేవాళ్ళు. నాయన గోడకి ఇంకో మేకు కొట్టాడు. జపాన్ మేకుకి పసుపు తగలకూడదు, ఫ్రాన్సు మేకుకి తగలకపోతే బేలు కదలకూడదు. అమ్మకి ఇదంతా నవ్వుగా ఉండేది. "ఒగరికి మురికంట, ఒగరికి ముద్దంట. నా చెయ్యి ఒగటే గదా" అనేది. కానీ ఫ్రాన్సు బేలు కట్టే రోజు పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు గిన్నె తనే కలుపుకొని కూర్చునేది. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ ఇంట్లో నాయన పేరు లేని పని అదొక్కటే. అమ్మ దాన్ని ఎంత ఇష్టంగా చేసేదో నాకు అప్పుడే తెలుసు.

నేను కాలేజీలో చదువుతున్నప్పుడు నాయన పోయాడు. పొద్దున కాఫీ తాగి, పాలు పట్టిన కొత్త దుప్పటి ముందు కూర్చొని, ఫ్రాన్సు మేకు చెట్టు గీస్తున్నాడు. కుడివైపు కొమ్మ సగం గీసి పక్కకి ఒరిగిపోయాడు. అంత నిదానంగా ఒరిగాడంటే, కలం కింద పెట్టడానికి వంగాడేమో అనుకున్నాం. తర్వాత ఇల్లంతా మా మేనత్త నరసమ్మ చేతిలోకి పోయింది. నాయనకి అక్క ఆమె. నోరు కఠినం, చెయ్యి మంచిది. మమ్మల్ని పస్తుపడుకోనివ్వలేదు. అమ్మ గాజులు పగలగొట్టించింది కూడా ఆమే. నాయన సగం గీసిన ఆ గుడ్డ ఏమైందో ఎవరికీ తెలియలేదు. రమణ ఇల్లంతా వెతికి అడిగితే అమ్మ "నాకేం తెల్సు నాయనా" అంది.

కొన్నాళ్ళకి షణ్ముగం పరామర్శకి వచ్చాడు. కాళ్ళు కడుక్కొని, కాఫీ వద్దని, చాలాసేపు గొడుగు తిప్పుకుంటూ కూర్చున్నాడు. నాయన గీసి, రంగులు నింపిన గుడ్డలు కొన్ని సిద్ధంగా ఉన్నాయి. వాటికి పసుపు పెడితే ఫ్రాన్సు బేలు కదులుతుంది. "ఈ సారి అట్టకి కొత్త ఫోటో కావాలంట అక్కా" అని మెల్లగా అన్నాడు. అమ్మ చేతులు చూసి మళ్ళీ తనే తల దించుకున్నాడు. అత్త లోపల్నుంచి వచ్చింది.

"ఆ యమ్మి ఇంక పసుపు ముట్టేది లేదు షణ్ముగం. బిడ్డ ఉండాది గదా, బిడ్డ పెడతాది" అంది నా వైపు చూపించి.

"వాళ్ళకి ఇదంతా తెలీదమ్మా. ఆ దేశంలో ఇట్లాంటి లెక్క లేదు. అక్క చెయ్యే పెడితే ఏమయ్యా అనేవాడు లేడు" అన్నాడు అతను.

"ఆడ లేకపోతే ఈడ లేకుండా పోతాదా అప్పా? గుడ్డ బయల్దేరేది ఈ గడపలోంచే గదా."

అమ్మ గోడకి ఆనుకొని ఉంది. "నేనే పెడతా" అంది. గొంతు పెద్దది చేయలేదు, ఏడవలేదు. కాసేపటికి అత్త పసుపు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. నేను పెట్టాను. అమ్మ చూస్తూ కూర్చుంది. ఒకచోట ఎక్కువ ఒత్తితే "మెల్లిగా. నూలు తాగేస్తాది" అంది. నాయన దేవుణ్ణి మంచం మీద గీయనంటే దేశాలు దిగొచ్చాయి. అమ్మ ఒక చుక్క పెడతానంటే నడవలో కూడా ఎవరూ పలకలేదు. అప్పుడు ఈ తేడా నాకు తోచలేదు. ఇప్పుడు తోచినా ఎవరి మీదా కోపం రావడం లేదు, అదే నాకు వింతగా ఉంది.

నేను పెళ్ళయి తిరుపతికి వెళ్ళిపోతే మళ్ళీ ఎవరు పెట్టాలన్న గొడవ వస్తుందని, షణ్ముగం ముందుచూపుతో బొటనవేలు ఆకారంలో చెక్క అచ్చు ఒకటి చేయించి తెచ్చాడు. ఉతికినా పోని పసుపురంగు. దాంతో జర్మనీ ఆయన కూడా పసుపు మూల కావాలన్నాడు. చెయ్యి బదులు అచ్చు వచ్చాక అన్ని దేశాలకీ సులువైంది. అట్ట మీద ఫోటో మాత్రం మార్చలేదు. గాజుల చెయ్యే బావుందని ఆ దుకాణం ఆవిడ చెప్పిందట. ఇక్కడ అమ్మ బోసి చేతులతో పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చునేది. ఆ దేశంలో మా అమ్మ చాలా ఏళ్ళు ముత్తైదువగానే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ నడవ లేదు. పాత ఇల్లు కొట్టేసి మేడ కట్టారు. రమణ గీత జోలికి రాలేదు, గీసేవాళ్ళని పెట్టుకొని వ్యాపారం చూసుకున్నాడు. ఇప్పుడు వాడి కొడుకు కార్తీక్ చూసుకుంటున్నాడు. ఏట్లో ఇసుకే ఉంది, గుడ్డలు మేడ వెనక బోరునీళ్ళ తొట్లలో ఉతుకుతారు. పాలవాసన రాకుండా ఏదో కలుపుతారు, ఆ వాసన ఉంటే కొన్ని దేశాలు వెనక్కి పంపుతాయట. దేశాలు కూడా దగ్గరికొచ్చాయి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే జపాన్ వాళ్ళకీ కొరియా వాళ్ళకీ ఇళ్ళు కట్టారని, వాటికి తెరలు కావాలని కార్తీక్ కారేసుకొని గంటలో పోయి నమూనాలు చూపించి వస్తాడు. వాడి ఫోన్లో దేశానికొక ఫోటోల అర ఉంది. వాటిని కూడా మేకులనే అంటాడు. మేకులు వాడు పుట్టేసరికే లేవు. మాట మాత్రం మిగిలింది.

ఇదంతా సుజాతకి చెప్పేసరికి నాలుగైంది. గుడ్డ మా ఇద్దరి ఒళ్ళో పరుచుకొని ఉంది. ఆమె వేలితో ఆ మూల తడిమి చూసింది. "మామ ఉండంగా పెట్టిందేమో వదినా" అంది.

"కాదు. పసుపు పెట్టేది అన్నిటికన్నా చివర, మడిచి బేలులో పెట్టేముందు. దీనికి ఇంకా రంగే పడలేదు. నాయన పోయిన తర్వాత పెట్టుకుంది" అన్నాను.

నరసమ్మత్త పక్క గదిలో ఉండగా, బోసి చేతులతో, ఎప్పుడో ఎవరూ చూడకుండా పసుపు తడిపి, ఎక్కడికీ పోని గుడ్డకి ఒక చుక్క పెట్టి, పెట్టె అడుగున దాచుకుంది అమ్మ. వెలుతురు తగలక పసుపు అట్లాగే ఉంది. నాకు లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను. ఏమీ కదల్లేదు. గుడ్డ మడిచి మళ్ళీ తువ్వాలులో చుట్టాను.

కార్తీక్ లోపలికొచ్చి సంగతి విన్నాడు. "అత్తా, ఇది ఒక ఫోటో తీసుకోనా? ఇట్లాంటి కథ ఉంటే బయటి దేశాల్లో భలే పోతాది" అన్నాడు. చెడ్డవాడు కాదు, వాళ్ళ తాత మాదిరే ఎవరికేం కావాలో ఆలోచిస్తాడు. వద్దన్నాను. సరేలే అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బస్సుకి టైమవుతుందని లేచి సంచీ తీశాను. పైనే ఆకుపచ్చ చీర. దాన్ని బయటికి తీసి వంటింట్లోకి పోయాను. సుజాత పొయ్యి దగ్గర నాకు కాఫీ కలుపుతోంది. "పోపుల డబ్బా యాడ పెట్టినావు?" అన్నాను. నా చేతిలో చీర చూసింది, నా మొహం చూసింది. మధ్యాహ్నం తనే పసుపు లేకుండా పెట్టిన చీర అది. అలమర తెరిచి, డబ్బా దించి, మూత తనే తీసి నా ముందు పట్టుకుంది. బొటనవేలు తడుపుకొని, పసుపులో అద్ది, చీర మూలకి పెట్టాను. మెల్లిగానే పెట్టాను.

కార్తీక్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "ఏ మేకు అత్తా అది?" అన్నాడు నవ్వుతూ.

"ఏ మేకూ కాదురా. కట్టుకునేదానికి" అన్నాను.

పసుపు ఆరేదాకా ఆగి కాఫీ తాగాను. తిరుపతి బస్సు తప్పిపోయింది, తర్వాతి బస్సుకి వెళ్ళాను.